చదరంగపు బల్లపై స్త్రీ - ఒక పరిశీలన

కెనడా దేశంలో కర్లింగు అనే ఆట ఒకటి ఉన్నది. మంచు పరచిన నేలపై ఇంచుమించు ఇరవై కిలోల గ్రానైటు రాతిని జార్చి, దూరాన గీసిన వలయం నడిమికి చేర్చాలి. ఎదుటి పక్షం రాయి అడ్డుగా ఉంటే దానిని కొట్టి తొలగించాలి. మన క్యారమ్స్ బల్లను నేల మీదికి దించి పెద్దది చేసినట్లు ఊహించుకుంటే చాలు. అక్కడ ప్రతి రాష్ట్రంలోను స్త్రీలకు వేరుగా పోటీలు జరుగుతవి. గెలిచిన జట్టు దేశస్థాయి పోటీకి వెళుతుంది. మాచెర్ల ఎండలలో పెరిగినవారికి ఈ ఆట ఆడే యోగం లేదు. కాని దానిని ఇష్టపడేవారు 'మంచుపై చదరంగం' అని పిలుస్తారట. మంచు మనకు లేదు, చదరంగం ఉన్నది. అందులో పేరు మోసిన మన ఆడపడుచులూ ఉన్నారు. అందువలన మేము ఆ దారినే నడువదలచినాము.

మొదట మాటను చూద్దాము. సంస్కృతంలోని 'చతురంగం' తెలుగున చదరంగమైనది. అదే మాట ఇరాను చేరి, అరబ్బుల నోట 'షత్రంజ్' అయి, ఉర్దూలో తిరిగి మన ముంగిటికి వచ్చినది. మన కళాశాలలో పక్కపక్కన కూర్చునే రెండు భాషల విద్యార్థులు ఒకే మాటను రెండు రూపాలలో పలుకుతున్నారన్నమాట. తెలుగువారు మంత్రి అనే పావును ఉర్దూవారు వజీర్ అంటారు. పాత షత్రంజ్‌లో ఈ పావు బలహీనుడు; ఐమూలగా ఒక్క గడి మాత్రమే కదలగలడు. ఐరోపా వారు ఆ పావును రాణిని చేసినారు. పదిహేనవ శతాబ్ది చివర స్పెయిన్ ప్రాంతంలో నియమాలు మారి, ఆ రాణికి ఎటువైపుకైనా ఎంత దూరమైనా పోగల శక్తి లభించినది.

మంత్రి స్త్రీ కావడం పల్నాటివారికి వింత గాదు. పన్నెండవ శతాబ్దిలో గురజాల నలగామరాజు కొలువున మంత్రాంగం నడిపినది నాయకురాలు నాగమ్మ. మాచెర్ల పక్షాన బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడినవారు రాజ్యం విడిచిపోవలెనన్న పణం, ఆ పిమ్మట కారెంపూడి రణరంగం - ఈ కథ మన పిల్లలకు ఉగ్గుపాలతోనే తెలుసు. కథ చెప్పేవారు చాలామంది నాగమ్మను కుట్రకు మారుపేరుగా చిత్రించినారు. ఎదుటివాని తరువాతి ఎత్తును ముందే ఊహించగల శక్తి మగవానిలో ఉంటే నీతి, ఆడుదానిలో ఉంటే కుట్ర ఎట్లయినదో మాకు ఇప్పటికీ బోధపడలేదు.

ఇక పోటీల విషయం. 1933లో ఇంగ్లండులోని హేస్టింగ్సులో జరిగిన బ్రిటిషు మహిళా ఛాంపియన్‌షిప్‌ను గెలిచినది ఫాతిమా అనే భారతీయ యువతి. ఆమె పంజాబుకు చెందిన సర్ ఉమర్ హయాత్ ఖాన్ ఇంటి పరిచారిక. యజమానితో స్వదేశానికి తిరిగి వచ్చిన తరువాత పోటీలలో ఆమె పేరు కనబడదు. ఆమె ఓడిపోలేదు, ఆమెకు మళ్ళీ బల్ల దొరకలేదు. ఫాతిమా గెలిచిన ఆ బిరుదునే 2000లోను, 2002లోను గెలిచినది మన కోనేరు హంపి.

హంపి 1987లో గుడివాడలో జన్మించినది. తండ్రి అశోక్ గారు రసాయనశాస్త్ర బోధన మానుకొని కుమార్తెకు శిక్షకులైనారు. జీతం రాళ్ళతో బతికే మా వృత్తివారికి ఆ నిర్ణయం బరువు తెలుస్తుంది. 2002లో, పదిహేనేళ్ళ ఒక నెల ప్రాయంలో, ఆమె గ్రాండ్‌మాస్టరైనది. హంగేరీ దేశపు జూడిత్ పోల్గార్ రికార్డును మూడు నెలల తేడాతో దాటినది. ఇది స్త్రీలకు వేరుగా ఇచ్చే బిరుదు కాదు, పురుషులతో సమానమైన అసలు బిరుదు. 2017లో ఆమె తల్లి అయినది. ఇక ఆట ముగిసినదనుకున్నవారు ఉండే ఉంటారు. 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను ప్రపంచ ర్యాపిడ్ కిరీటం ఆమెదే.

ద్రోణవల్లి హారిక ఇంకా మనకు దగ్గరిది. 1991లో గుంటూరులో పుట్టినది. పల్నాడు అప్పటికి ఆ జిల్లాలోనిదే, 2022లో గదా వేరైనది! 2011లో గ్రాండ్‌మాస్టరైనది. ప్రపంచ మహిళా ఛాంపియన్‌షిప్‌లో 2012, 2015, 2017లలో కాంస్యం గెలిచినది. 2022లో చెన్నై సమీపాన ఒలింపియాడ్ జరిగినప్పుడు ఆమె నిండు గర్భిణి. అయినా బల్ల ముందు కూర్చున్నది. జట్టుకు కాంస్యం వచ్చినది. 2024లో బుడాపెస్టులో స్వర్ణం గెలిచిన జట్టులోను ఆమె ఉన్నది.

కండబలంతో పని లేని ఆటలో స్త్రీలకు వేరు పోటీ ఎందుకని కొందరు అడుగుతారు. పోల్గార్ సైతం స్త్రీల పోటీలకు చాలావరకు దూరంగానే ఉండినది. ఆ వాదంలో సత్యం లేకపోలేదు. మహిళా గ్రాండ్‌మాస్టర్ బిరుదుకు 2300 రేటింగు చాలును, అసలు బిరుదుకు 2500 కావలెను. ఈ తగ్గింపు గౌరవమా, దయాభిక్షమా అన్న సందేహం మాకూ ఉన్నది. కాని నరసరావుపేటలోనో పిడుగురాళ్ళలోనో ఒక తండ్రి కూతురిని పోటీకి పంపవలెనంటే, అక్కడ మరి పదిమంది ఆడపిల్లలు కూర్చుని ఉన్నారన్న ధైర్యం ముందు కావాలి. జిల్లా పోటీ నుండి రాష్ట్రానికి, రాష్ట్రం నుండి దేశానికి మెట్లు ఉన్నవి. మొదటి మెట్టు మీద కాలు పెట్టేవారే తక్కువ. అందుచేత, సందేహం సందేహంగానే ఉండగా, మేము వేరు పోటీల పక్షమే.

మేము చదువుకున్న కళాశాలలో చదరంగపు బల్ల అబ్బాయిల గదిలో ఉండేది. అమ్మాయిలెవ్వరూ అడుగలేదు, ఎవ్వరూ ఇవ్వలేదు. ఇప్పుడు మా విద్యార్థినుల విశ్రాంతి గదిలో ఒక బల్ల ఉన్నది. మొన్న మధ్యాహ్నం అటు వెళ్తూ విన్నాము. "నీ వజీర్ పోయిందే!" అని ఒకతె అన్నది. "మంత్రి పోతే ఏం, బంటు ఉందిగా" అని రెండవ పిల్ల జవాబు. ఇంతలో గంట కొట్టినారు. పావులు ఎక్కడివక్కడ ఉన్నవి. వాటి స్థానాలను నోటుపుస్తకం చివరి పుటలో గీసుకొని, రేపు ఇక్కడి నుండే అనుకుంటూ ఇద్దరూ తరగతికి పరుగెత్తినారు.