ఇంజన్ కింద పిడికెడు రబ్బరు

పల్నాడు జిల్లా అయిన 2022లోనే నరసరావుపేటలోని షెడ్డు తాళాలు మావాడి చేతిలో పెట్టేశాను. అయినా కాలు నిలవదు, పొద్దున్నే వెళ్లి బల్ల మీద కూర్చుంటాను. మొన్న మాచర్ల నుంచి ఒక కుర్రాడు వాళ్ల నాన్న మారుతి 800లో వచ్చాడు. చేతిలో నాలుగు ఎర్రటి బుష్‌లు. "తాతా, పీయూ బుష్‌లు. ఇంజన్ మౌంటింగులన్నిటికీ ఇవే ఏసేద్దాం. ఇంక జన్మలో చూసుకోనక్కర్లేదంట గదా?" అన్నాడు. వాడికి చెప్పినవీ, చెప్పడం మరిచిపోయినవీ ఇవి.

1. పాతది ఎందుకు చచ్చిందో ముందు కనుక్కోవాలి. రబ్బరుకి ఆయిల్ పడదు. పైన వాల్వ్ కవర్ గాస్కెట్ కారుతుంటే బొట్టు బొట్టుగా మౌంటింగ్ మీద పడి, రబ్బరు ఉబ్బి, మెత్తబడి, చివరికి ఇనుము నుంచి ఊడొస్తుంది. వేడికి పోయినది వేరేలా ఉంటుంది: ఎండి, బీటలు వారి, గోరు గుచ్చినా దిగదు. రెంటచింతల ఎండలు మనకి కొత్త కాదుగదా, ఆ ఎండలో ఆపిన బండి బానెట్ కింద రబ్బరు సంగతి చెప్పేదేముంది! ఆయిల్‌కి పోయిన చోట పీయూ, అంటే పాలీయురేథేన్, పనికొస్తుంది, అది ఆయిల్‌ని తట్టుకుంటుంది. సైలెన్సర్ పైపు పక్కన వేడికి పోయిన చోట మాత్రం వద్దంటాను. మితిమీరిన వేడి తగిలితే అది కూడా మెత్తబడి జారుతుంది.

2. ఊగే ఇంజన్‌కి మౌంటింగ్ ఒక్కటే కారణం కాదు. మిస్సింగ్ ఉందేమో ముందు చూడాలి. ఒక ప్లగ్గు మారిస్తే పోయేదానికి ఇంజన్ కింద జాకీ పెట్టిన రోజులు నాకున్నాయి.

3. బానెట్ ఎత్తి, లోపల కూర్చున్నవాణ్ణి హ్యాండ్ బ్రేకు లాగి, బ్రేకు తొక్కి పట్టి, మొదటి గేరులో క్లచ్ కొద్దిగా వదలమను. తర్వాత రివర్స్‌లో. నువ్వు పక్కన నిలబడి చూడాలి, ఎదురుగా కాదు. ఇంజన్ కాస్త ఒరగడం సహజం. ఎగిరి పడి, ఠక్కున ఇనుముకి ఇనుము తగిలిందంటే మౌంటింగ్ అయిపోయినట్టే. ఇంత తతంగం వద్దంటే కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కించు. మొదటి గేరులో మలుపు దగ్గర ఆగి, మళ్లీ కదిలేటప్పుడు, మౌంటింగ్ పోయుంటే గేరు రాడ్ చేతిలో దూకుతుంది. శివరాత్రి తిరునాళ్ల అయిపోయిన వారం మా షెడ్డుకి వచ్చే బండ్లలో సగం ఈ రోగంతోనే వచ్చేవి. అర క్లచ్ మీద గంటలు గంటలు పాకితే మరి ఏ రబ్బరు ఆగుతుంది?

4. రబ్బరు అసలు ఎందుకు పెట్టారో తెలియకుండా దాన్ని తీసెయ్యకూడదు. తొలి రోజుల్లో చాలా కార్లలో ఇంజన్‌ని నేరుగా ఛాసిస్‌కి బిగించేసేవాళ్లు. దాని వణుకంతా నడిపేవాడి ఒంట్లోకే. 1931లో అమెరికాలో క్రైస్లర్ వాళ్లు ప్లిమత్ కారులో ఇంజన్‌ని రబ్బరు మీద తేలేలా కూర్చోబెట్టి, దానికి "ఫ్లోటింగ్ పవర్" అని పేరు పెట్టుకుని గొప్పగా అమ్ముకున్నారు. నాలుగు సిలిండర్ల బండి వణుకు మనిషికి తెలియకుండా చేయడమే వాళ్ల గొప్ప. ఇక పాలీయురేథేన్ 1937లో జర్మనీలో ఓటో బేయర్ బృందం చేతిలో పుట్టింది. మారుతి 800లో 796 సీసీ ఇంజన్‌కి ఉన్నవి మూడు సిలిండర్లే. మూడు సిలిండర్ల ఇంజన్‌కి ఈ కొస నుంచి ఆ కొసకి ఊగే గుణం పుట్టుకతోనే ఉంటుంది. అలాంటిదాని కిందున్న మెత్తదనమంతా తీసేస్తే ఏమవుతుందో అయిదో పాఠం చెబుతుంది.

5. ఇది నా తప్పు. చాలా ఏళ్ల కిందట రోజూ గురజాల వెళ్లొచ్చే ఒక మేష్టారి బండికి అన్ని మౌంటింగులూ పీయూతో చేసిచ్చాను. గట్టిగా ఉంటే ఎక్కువ కాలం మన్నుతుందనే నమ్మకం. బండి తోలి చూస్తే గేరు వెన్నలా పడుతోంది, పికప్ కూడా పెరిగినట్టే అనిపించింది. డబ్బులు తీసుకుని మురిసిపోయాను. నాలుగో రోజు మేష్టారు వచ్చారు. ఐడ్లింగ్‌లో డాష్‌బోర్డు గిలక్కాయలా మోగుతోంది, అద్దంలో వెనక లారీ రెండు లారీలుగా కనబడుతోంది, ఏసీ వేస్తే స్టీరింగ్ పట్టుకున్న చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. "ఏమయ్యా, కారిస్తే రోడ్డు రోలరు చేసిచ్చావే!" అన్నారు. కోప్పడలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. నా ఖర్చుతో విప్పి మళ్లీ రబ్బరువి వేశాను. మెత్తదనాన్ని, గట్టిదనాన్ని షోర్ అనే కొలతలో చెబుతారని, మౌంటింగ్ రబ్బరు మామూలుగా 50, 60 దగ్గర ఉంటే పీయూ బుష్‌లు 70 నుంచి 95 దాకా ఉంటాయని ఆ తర్వాత తెలుసుకున్నాను. అడిగి కొనాల్సిన అంకె అది. రంగు చూసి కొనకూడదు. ఎరుపు ఒకడి దగ్గర మెత్తన, ఇంకొకడి దగ్గర రాయి.

6. మౌంటింగుల్లో బరువు మోసేవి వేరు, మెలిక ఆపేవి వేరు. ఇంజన్ అడ్డంగా కూర్చునే బండ్లలో చాలావాటికి వెనక్కీ ముందుకీ దూకకుండా పట్టే ఒక రాడ్డో, బ్రాకెట్టో ఉంటుంది. పీయూ వేస్తే అక్కడ వెయ్యి. బరువు మోసేవి రబ్బరుగానే ఉండనీ. లోపల ద్రవం నింపిన మౌంటింగులున్న కొత్త బండ్ల జోలికి అసలు పోవద్దు.

7. బుష్ లోపలి ఇనుప స్లీవ్ బుష్ కన్నా వెంట్రుకవాసి పొడవుండాలి. బోల్టు బిగిస్తే ఆ బిగువు స్లీవ్ మీద పడాలి, పీయూ మీద కాదు. స్లీవ్ పొట్టిదైతే బుష్ పక్కలకి ఉబ్బుతుంది, రాను రాను బ్రాకెట్ పగులుతుంది. ఈ ఒక్క కొలత చూడకుండా బుష్ బిగించేవాడు నా లెక్కలో మెకానిక్ కాదు.

8. సైజు దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్‌లో పీయూ రాడ్ కొని లేత్ మీద కోయించుకోవచ్చు. మెత్తటి రకమైతే పనిముట్టుకి అందకుండా జారుతుంది. ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో, వీలైతే ఐసు గడ్డకట్టే అరలో పడేసి, గట్టిపడ్డాక పదునైన పనిముట్టుతో కోయాలి. మా ఇంట్లో పచ్చడి సీసాల పక్కన రాడ్డు పెట్టినందుకు పడ్డ తిట్లు ఇక్కడ రాయను.

9. పాత రబ్బరుని గ్యాసు మంటతో కాల్చి తీసే అలవాటు మన షెడ్లలో ఉంది. ఆ పొగ నేను ముప్పై ఏళ్లు పీల్చాను, మీరు పీల్చకండి. హాక్సా బ్లేడుతో లోపలి నుంచి చీల్చి, ప్రెస్ మీద నొక్కితే వచ్చేస్తుంది. ఇంజన్ ఎత్తేటప్పుడు ఆయిల్ సంప్ కింద జాకీ నేరుగా పెట్టొద్దు. మందపాటి చెక్క అడ్డం పెట్టు. ఒక్కో మౌంటింగే విప్పు.

10. బోల్టులన్నీ చేత్తో ఎక్కించి, జాకీ దించి, ఇంజన్ తన బరువుతో తను కూర్చున్నాక కాసేపు ఐడ్లింగ్‌లో నడవనివ్వు. ఆ తర్వాతే పానా పట్టి గట్టిగా బిగించు. ముందే బిగిస్తే బుష్ మెలికపడి అలాగే ఉండిపోతుంది, మొదటి రోజు నుంచే చిరగడం మొదలు.

11. పీయూకి సిలికాన్ గ్రీజు రాయాలి, లేకపోతే కీచుమంటుంది. మామూలు గ్రీజు మన ఎండకి కారిపోతుంది, కారిందాన్ని పిడుగురాళ్ల సున్నపు దుమ్ము వచ్చి పట్టుకుంటుంది.

12. కుర్రాడి బండి బానెట్ ఎత్తి చూశాం. మెలిక ఆపే చోట రబ్బరు ఉబ్బి, చేత్తో లాగితే ఊడొచ్చింది. పైన గాస్కెట్ అంచు తడిగా నల్లగా ఉంది. ఒక్క బుష్ వేసి, మిగిలిన మూడూ వాడి చేతిలోనే పెట్టాను. "ఇయ్యేం చేసుకోను తాతా?" అన్నాడు. కొన్నచోటే తిరిగివ్వమన్నాను. వాల్వ్ కవర్ గాస్కెట్ తీసుకుని శనివారం వస్తానన్నాడు.