జిన్నాతులకు అర్జీలా?

జిన్నాతులు ఉన్నారన్నది వాస్తవం. దివ్య ఖుర్ఆన్‌లో వారి పేరుతోనే ఒక సూరా (72వది) ఉంది. కనుక వారి ఉనికిని నిరాకరించడం విశ్వాసికి తగదు. అయితే వారు ఉన్నారని నమ్మడం వేరు, వారి ముందు చేయి చాచడం వేరు. ఈ తేడా ఎంత సులువుగా చెరిగిపోతుందో ఢిల్లీలోని ఫిరోజ్‌షా కోట్లా చూస్తే తెలుస్తుంది.

సుల్తాన్ ఫిరోజ్‌షా తుగ్లక్ 1354లో స్థాపించిన ఫిరోజాబాద్ నగరపు కోట అది. అశోకుడి కాలం నాటి రాతి స్తంభాన్ని తోప్రా నుంచి బండి మీద, పడవల మీద తెప్పించి అక్కడ నిలబెట్టాడు. దాని మీది రాత ఆనాటి పండితులకు అంతుపట్టలేదు. చదవరాని రాత, పాడుబడిన గదులు, గబ్బిలాలు... కథలు పుట్టడానికి ఇంకేం కావాలి! 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ రాతను చదివాడు. తీరా చూస్తే అవి ఒక రాజు తన ప్రజలకు చేసిన హితబోధలు! అయినా ఆ స్తంభం దగ్గర జిన్నుల పెద్ద 'లాట్‌వాలే బాబా' ఉంటాడన్న నమ్మకం మాత్రం పోలేదు.

గురువారం వస్తే చాలు, మసీదు కింది చీకటి గదుల్లో కొవ్వొత్తులు, అగరువత్తులు వెలుగుతాయి. గోడల గూళ్ళలో అర్జీలు పెడతారు. కూతురి పెళ్ళి, కొడుకు ఉద్యోగం, తేలని కోర్టు కేసు. ఒకే అర్జీని జిరాక్సు తీయించి గదికొకటి పెట్టేవారూ ఉన్నారు, సర్కారు ఆఫీసులో టేబులు టేబులుకూ ఇచ్చినట్లు! ముస్లిములే కాదు, హిందూ సోదరులూ వస్తారు. వారిని చూసి నవ్వాలనిపించదు. ఆ బాధలు నిజమైనవే, చిరునామాయే తప్పు.

విచిత్రమేమిటంటే, స్త్రీలు మజార్లకు వెళ్ళడాన్ని తాను నిషేధించానని ఫిరోజ్‌షా తన 'ఫుతూహాత్'లో రాసుకున్నాడు. ఆ మాటలను ఈ మసీదులోనే చెక్కించాడని చరిత్రకారులు చెబుతారు.

1759లో మొగల్ పాదుషా రెండవ ఆలంగీర్ ఇక్కడే హత్యకు గురయ్యాడు. అలా పోయినవారు దయ్యాలై తిరుగుతారని మన ఊళ్ళలోనూ అంటుంటారు. కాని మరణించినవారికీ ఈ లోకానికీ మధ్య ప్రళయదినం వరకు బర్జఖ్ అనే అడ్డుతెర ఉందని ఖుర్ఆన్ (23:100) తెలుపుతోంది.

ఇక జిన్నాతుల సంగతి. హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) చేతికర్రకు ఆనుకుని నిలబడే మరణించారు. చెదపురుగు ఆ కర్రను తినివేసి ఆయన దేహం ఒరిగే వరకు జిన్నాతులకు ఆ సంగతే తెలియలేదు, చాకిరీ చేస్తూనే ఉన్నారు (34:14). కళ్ళెదుట నిలబడిన రాజు మరణమే తెలియనివారికి మన తలరాత ఏం తెలుస్తుంది?

ఇస్లాంకు పూర్వం అరబ్బులు రాత్రివేళ లోయలో దిగితే ఆ లోయ జిన్నుల నాయకుడి శరణు కోరేవారు. దానివల్ల వారి భయం, జిన్నాతుల పొగరు పెరగడం తప్ప ఒరిగింది లేదు (72:6). దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆ అలవాటును మాన్పించి దుఆ నేర్పారు: ఎక్కడ దిగినా, అల్లాహ్ సృష్టించిన వాటి కీడు నుండి ఆయన సంపూర్ణ వచనాల శరణు కోరాలి. అలా కోరినవారికి ఆ చోటు విడిచే వరకు ఏదీ హాని చేయదని ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. అరబీలో చిన్న వాక్యమే, పిల్లలకు ఒక్క పూటలో వచ్చేస్తుంది. పాత కోటలు చూడడానికి వెళ్ళేటప్పుడు ముందుగా అది నేర్పి తీసుకువెళ్ళండి.