ఆడ, మగల ప్రయోజనం ఒక్కటేనా?

ప్రాణులు తమ జాతి నిలబడటం కోసమే సంతానాన్ని కంటాయనీ, ఆ పనిలో ఆడ, మగ ఒకదానికొకటి తోడ్పడతాయనీ మనం సాధారణంగా అనుకొంటాము. ఇది సగం నిజమే. రెండూ కలిస్తేనే పిల్ల పుడుతుంది. కాని ఎవరితో కలవాలి, ఎన్నిసార్లు కలవాలి, పుట్టినదాన్ని ఎవరు సాకాలి అన్న విషయాల్లో మగదానికి లాభమైనది ఆడదానికి నష్టం కావచ్చు. దీన్నే లైంగిక సంఘర్షణ అంటారు. 1979లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జెఫ్రీ పార్కర్ ఈ భావానికి స్పష్టమైన రూపం ఇచ్చాడు.

ఉదాహరణ కోసం దూరదేశాలు పోనక్కరలేదు. శనక్కాయ చేలమీద పడే కోతుల్ని బెదరగొట్టడానికి కొండముచ్చును తెచ్చి కాపలా పెట్టడం మనం విన్నదే. మనకు వాయవ్యంగా, ఇదే దక్కన్ పీఠభూమి మీదున్న ధార్వాడ ప్రాంతపు అడవుల్లో, 1960 దశకం మొదట్లో జపాన్ శాస్త్రజ్ఞుడు యుకిమారు సుగియామా ఈ కొండముచ్చుల్ని గమనించాడు. అక్కడ చాలా గుంపుల్లో ఎదిగిన మగది ఒక్కటే ఉంటుంది. తక్కినవి ఆడవి, పిల్లలు. గుంపు దొరకని మగవి విడిగా జట్టుకట్టి తిరుగుతాయి. అవి వచ్చి పాత మగదాన్ని తరిమేశాక, గుంపును చేజిక్కించుకొన్న కొత్తది చంటిపిల్లల్ని కరిచి చంపడం ఆయన చూశాడు.

ఎందుకిలా? జవాబులో సగం పశువులున్న ఇంట్లో పుట్టిన మాబోటివాళ్లకు తెలిసిందే. దూడ కుడుస్తున్న ఆవు త్వరగా ఎదకు రాదు. మేతలేని కరవు సంవత్సరమైతే మరీ ఆలస్యం. కొండముచ్చు తల్లీ అంతే. పిల్ల పోతే మాత్రం త్వరలోనే ఎదకు వస్తుంది. 1970 దశకంలో ఆబూ కొండమీద పరిశోధన చేసిన అమెరికా శాస్త్రజ్ఞురాలు సారా హ్రడీ లెక్క ప్రకారం, ఒక మగది గుంపును ఏలేది సగటున రెండేళ్ల పైచిల్లర మాత్రమే. అంత తక్కువ కాలంలో, వేరేదాని పిల్ల పాలు మానేదాకా ఆగడం దానికి నష్టం. తల్లికేమో, ఆరు నెలలకు పైగా మోసి కన్న పిల్లే పోతుంది.

గుంపులు కిక్కిరిసిపోయి మతిచెడటం వల్లే ఇలా జరుగుతుందని కొందరు వాదించారు. కాని నేపాల్‌లోని రాంనగర్ కొండముచ్చుల మీద 1999లో వెలువడిన డి.ఎన్.ఏ. పరీక్షల్లో, పిల్లల మీద దాడిచేసిన మగవి ఆ పిల్లల తండ్రులు కావని తేలింది.

ఆడది ఊరికే చూస్తూ ఉండదు. ఆడవన్నీ కూడి పిల్లకు అడ్డుపడతాయి. చూలుతో ఉన్నవి సైతం కొత్త మగదాన్ని దగ్గరికి రానిస్తాయి. పుట్టబోయేది తనదో కాదో దానికి తెలియకుండా చేయడానికే ఇలా చేస్తాయని హ్రడీ అభిప్రాయం. మన పెరటి కోడిపెట్టా తక్కువది కాదు. బలహీనమైన పుంజు బలవంతాన ఎక్కితే, దాని వీర్యాన్ని పెట్ట బయటికి నెట్టేస్తుందని పిజారీ, బర్క్‌హెడ్ అనేవారు 2000లో చూపించారు.

మరి ఈ పోరుకు అంతం లేదా? డ్రోసోఫిలా అనే పండ్ల ఈగలో మగదాని వీర్యద్రవం ఆడదాని ఆయుష్షును తగ్గిస్తుంది. 1999లో హాలండ్, రైస్ అనే శాస్త్రజ్ఞులు ఈ ఈగల్ని తరతరాలుగా ఒక మగదానికి ఒక ఆడదే అన్న పద్ధతిలో పెంచారు. ఆ వంశపు మగవి ఆడవాటికి తక్కువ హాని చేశాయి. ఇద్దరి సంతానం ఒక్కటే అయినప్పుడు, ఆడదానికి జరిగే నష్టం మగదానికీ నష్టమే అవుతుంది. ఘర్షణ తగ్గింది మంచితనం వల్ల కాదు, ప్రయోజనాలు ఒక్కటి కావడం వల్ల.

"జంతువులకు లేని నీతి మనకెందుకు? మగదాని బలమే ప్రకృతి ధర్మం" అని రచ్చబండ దగ్గరా, హాస్టలు గదుల్లోనూ అనేవాళ్లున్నారు. వాళ్లు చదివింది సగం పాఠమే. ప్రకృతిలో మగదాని బలం ఎంత నిజమో ఆడదాని ఎదురుపోరూ అంతే నిజం. పైగా ఒకటి ఎలా జరుగుతుందో చెప్పడమే శాస్త్రం పని; అలాగే జరగాలని అది ఎక్కడా చెప్పదు. కొండముచ్చుకు తన బతుకు పద్ధతిని ఎంచుకొనే వీలు లేదు. మనకు ఉంది.