కరెంటు లేని కొట్టానికి ఒక సీసా

బోథ్,
ఆదిలాబాద్ జిల్లా.

చిరంజీవి రాకేశ్‌కు,

డిసెంబర్ చివర్లో ఐదుగురు దోస్తులు కలిసి వచ్చి మన చేను కాడి కొట్టంలో మూడు రాత్రులు ఉంటామని రాశావు. రండి. కొట్టానికి కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ అందదు, అది తెలిసే అడిగావు. "ఏ విస్కీ తెమ్మంటావు మామా?" అన్న మాటకు మాత్రం ఒక్క ముక్కలో జవాబు లేదు. ఇట్లాంటివి మీ నాయనను అడగలేవు, మేనమామను అడుగుతావు. మన ఇళ్లల్లో రివాజే అది. పైగా నేను ఉద్యోగమంతా ఆబ్కారీ శాఖలో వెళ్లదీసినవాణ్ణి. కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను, ఓపికగా చదువు.

హైదరాబాద్‌లో మీరు తాగేది విస్కీ ఒక్కటే కాదు. గ్లాసులో సగం ఐసు, దాని మీద సోడానో కూల్‌డ్రింకో, అడుగున కాస్త విస్కీ. ఐసు చల్లదనానికి నాలుక మొద్దుబారుతుంది, తీపి మిగిలినదాన్ని కప్పేస్తుంది. అందుకే ఏ బ్రాండైనా సాగిపోతుంది. ఇక్కడ ఆ ముసుగు ఉండదు. థర్మాకోల్ డబ్బాలో ఐసు తెచ్చినా మరునాటికి నీళ్లే. రంజన్‌లో నీళ్లు, చేతిలో గ్లాసు, అంతే. మందు గుణం అప్పుడు దాగదు. ఘాటుగా గొంతు కోసేది కోసేదిగానే తెలుస్తుంది, మంచిది మంచిదిగానే తెలుస్తుంది. కనుక నా సలహా ఇది: తక్కువ తెండి, మంచిది తెండి. మూడు మామూలు సీసాలకు పెట్టే డబ్బు ఒక్క సీసా మీద పెట్టండి.

మంచిదని ఎట్లా తెలుస్తుందంటావా? పేరు కన్నా ముందు చీటీ చదువు. మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే సీసాల మీద 42.8 శాతం అని, పక్కనే 75 ప్రూఫ్ అని ఉంటుంది. అది అందులోని ఆల్కహాల్ పాలు. వాటిల్లో చాలావరకు మొలాసిస్ నుంచో, నూకలు, మక్కల నుంచో తీసిన వాసన లేని స్పిరిటే అసలు సరుకు. దానికి కొంత మాల్ట్ స్పిరిట్, కొన్నిటిలో కొద్దిగా స్కాచ్ కలుపుతారు. మొలాసిస్‌తో చేసినదాన్ని యూరప్ దేశాల్లో విస్కీ పేరుతో అమ్మనివ్వరు. అయినా ఆ మందులో తప్పేమీ లేదు, అది సోడా కోసం పుట్టిన సరుకు. సోడా లేని చోటికి దాన్ని తీసుకురావడమే తప్పు.

సింగిల్ మాల్ట్ సంగతి వేరు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ ఒక్కదానితోనే, ఒకే డిస్టిలరీలో, రాగి బట్టీల్లో కాచి, ఓక్ పీపాల్లో ఏండ్ల తరబడి ఉంచుతారు. స్కాట్లాండ్‌లో కనీసం 3 ఏండ్లు ఉంచాలని చట్టమే ఉంది. అక్కడి చలికి పీపాలోంచి ఏడాదికి 2 శాతం దాకా ఆవిరైపోతే బెంగళూరు వేడికి 10 నుంచి 12 శాతం పోతుంది. ఆ వేడికే పీపా కట్టె గుణం కూడా తొందరగా దిగుతుంది. అందుకని మన దేశపు సింగిల్ మాల్ట్ మీద "12 ఏండ్లు" అన్న అంకె కనిపించకపోతే నాసిరకమనుకోవద్దు. ఇక్కడ అన్నేండ్లు ఉంచితే పీపాలో మిగిలేది తక్కువ, కట్టె వగరు ఎక్కువ.

మన దేశపు సీసాల్లో మూడు పేర్లు చెప్తాను. బెంగళూరు అమృత్ కంపెనీ 1948లో పుట్టింది. తన సింగిల్ మాల్ట్‌ను ముందు ఇక్కడ కాదు, 2004లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో అమ్మకానికి పెట్టింది. ఇంగ్లీషువాడైన జిమ్ మర్రే తన 2010 విస్కీ బైబిల్‌లో వాళ్ల ఫ్యూజన్‌కు ప్రపంచంలో మూడో స్థానం ఇచ్చాక మనవాళ్లు అటు తిరిగి చూశారు. గోవా నుంచి పాల్ జాన్ వచ్చింది. హర్యానా నుంచి వచ్చిన ఇంద్రీని మూడు రకాల పీపాల్లో పండిస్తారు. మీ అవసరానికి అమృత్‌లో మామూలు సింగిల్ మాల్ట్, పాల్ జాన్‌లో బ్రిలియన్స్, లేదా ఇంద్రీ, ఈ మూడింటిలో ఏదైనా ఒకటి చాలు. మూడూ 46 శాతమే. హైదరాబాద్‌లోనే కొనుక్కో. బోథ్‌లోనో ఇచ్చోడలోనో వైన్స్‌లో దొరుకుతుందిలే అనుకొని రావద్దు.

పొగ వాసన వచ్చే పీటెడ్ విస్కీ తెద్దామని నీ దోస్తు ఒకడు పట్టుబడుతున్నాడన్నావు. స్కాట్లాండ్‌లో కొన్ని చోట్ల పీట్ అనే బురదమట్టి గడ్డలు కాల్చి ఆ పొగతో బార్లీ ఆరబెడతారు. ఆ వాసనే సీసా దాకా వస్తుంది. పట్నంలో మూసిన గదిలో దానికి అందముంది. మీరు కూర్చునేది మాత్రం కట్టెల నెగడి ముందు. అప్పటికే బట్టలకు, జుట్టుకు, ముక్కుకు పొగ పట్టి ఉంటుంది. గ్లాసులోని పొగ ఇక దేనికి తెలుస్తుంది? తేనె, ఎండుద్రాక్ష, నారింజ తొక్క వాసనలు వచ్చేదైతే ఆ పొగలోంచి కూడా విడిగా అందుతుంది. 60 శాతం దాకా ఉండే కాస్క్ స్ట్రెంత్ సీసా కూడా వద్దు. లాంతరు వెలుతురులో నీళ్లు కొలిచి కలపడం అందరికీ కుదరదు. అంత ఘాటు స్పిరిట్ నెగడి పక్కన ఒలికితే గుప్పున అంటుకుంటుంది.

ఇక ఎంత తేవాలన్నది. 750 మిల్లీ ఫుల్ బాటిల్‌లో 30 మిల్లీ పెగ్గులు 25 వస్తాయి. ఐదుగురిలో ఒకడు తాగడన్నావు. నలుగురికి, మనిషికి రాత్రికి మూడు చొప్పున, రెండు రాత్రులకు 24. మిగిలిన ఒక్కటి మొదటి రోజు సీసా మూత తీయగానే భూమికి సాక పోయండి. కల్లు ముంతతో మన పెద్దలు చేసింది అదే. మూడో రాత్రి సీసా ఉండకూడదు. తెల్లారి లేచి వంతులవారీగా బండి నడుపుతూ నిర్మల్ ఘాట్ దిగాలి. 30 మిల్లీ పెగ్గులో 10 గ్రాములకు పైగా ఆల్కహాల్ ఉంటుంది, అది ఒంట్లోంచి పోవడానికి గంటకు పైనే పడుతుంది. 100 మిల్లీ రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే చట్టప్రకారం కేసే. రాత్రి పొద్దుపోయేదాకా తాగినవాడికి పొద్దున నిద్ర లేచినంత మాత్రాన అది దిగిపోదు.

కొలత లేకుండా పోయకండి. చీకట్లో చేతివాటం ఎప్పుడూ పెద్దదే. దగ్గుమందు సీసా మీద వచ్చే ప్లాస్టిక్ గిన్నె ఒకటి కడిగి జేబులో వేసుకో. దాని మీద 5, 10, 15 అని గీతలుంటాయి. 15 గీత దాకా రెండుసార్లు నింపితే ఒక పెగ్గు. టార్చి వెలుతురులో గీత మీదికి కళ్లు దించి చూడు, ఎవరి గ్లాసులోకి ఎంత పోతున్నదో అందరికీ కనబడుతుంది. ముందు నీళ్లు కలపకుండా ఒక గుక్క రుచి చూడండి. తర్వాత చెంచాడు నీళ్లు పోసి మళ్లీ చూడండి. ఘాటు తగ్గి, అడుగున ఉన్న వాసనలు పైకి వస్తాయి. స్టీలు గ్లాసుల్లో వాసన నిలవదు. సన్నటి గాజు గ్లాసులు నాలుగు పాత లుంగీలో చుట్టి తీసుకురా. మన బోరు నీళ్లు కొంచెం ఉప్పుగా ఉంటాయి, విస్కీకి సరిపోవు. తాగడానికి, కలపడానికి ఒక నీళ్ల క్యాను వేరుగా పెట్టుకో.

సీసాను నిలబెట్టే తీసుకురావాలి. సింగిల్ మాల్ట్‌కు ఎక్కువగా బిరడా ఉంటుంది. పడుకోబెడితే స్పిరిట్ బిరడాను తినేస్తుంది, బోథ్ క్రాస్‌రోడ్డు దాటినంక మన దారి కుదుపులకు కారుతుంది కూడా. కొన్నప్పుడు మూత మీద ఆబ్కారీ హోలోగ్రాం ఉందో లేదో చూసి తీసుకో. కిన్వట్ దగ్గరే కదా అని మహారాష్ట్ర సీసా తెచ్చే ఆలోచన పెట్టుకోవద్దు. అటునుంచి దేశీదారు తెచ్చేవాళ్లను పట్టుకోవడం ఈ సరిహద్దులో పాత సంగతి. అక్కడ సుంకం కట్టిన సరుకు ఇక్కడ సుంకం కట్టని సరుకే అవుతుంది. కవ్వాల్ అడవి వైపు తిరగడానికి వెళ్తే సీసా కొట్టంలోనే ఉండాలి.

విస్కీ సరిపోలేదని కల్లు తెచ్చి కలపడం మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. చెట్టు మీంచి దించిన కల్లు వేరు, దుకాణంలో దొరికేది వేరు. దుకాణపు కల్లులో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి నిద్రమందులు కలిపిన కేసులు మన రాష్ట్రంలో ఎన్నో. ఆ మందు, విస్కీ కలిస్తే నిద్రలోనే ఊపిరి మందగిస్తుంది. గుడుంబా సంగతి చెప్పనే అక్కర్లేదు. అందులో ఏముందో వాసన చూసి కనిపెట్టగలవాడు ఎవడూ లేడు.

ఇప్పసారా రుచి చూడాలని కూడా అడిగావు. ఇప్పపువ్వు రాలేది ఫాల్గుణ చైత్ర మాసాల్లో, డిసెంబర్‌లో కాదు. తెల్లవారుజామున గోండు, కొలాం ఆడవాళ్లు చెట్ల కింద ఏరుకుంటారు, అదే వేళకు ఎలుగుబంట్లు కూడా వస్తాయి. వాళ్ల ఇళ్లల్లో ఇప్పసారా దేవునికి, పుట్టుకకు, చావుకు పెట్టేది. చుట్టంగా పిలిచి పోస్తే కళ్లకద్దుకొని తాగు. డబ్బిచ్చి కొంటే కేసు పడేది అమ్మినవాళ్ల మీద, మీరు కార్లో పోతారు. ఉట్నూరు వైపు వెళ్తే ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూలు కొనుక్కోండి.

చలి గురించి గట్టిగా చెప్తున్నా. డిసెంబర్, జనవరిల్లో మన జిల్లాలో 5 డిగ్రీల లోపుకు పడిపోయిన రాత్రులున్నాయి. విస్కీ తాగితే వెచ్చబడ్డట్టు ఉంటుంది, నిజానికి జరిగేది తలకిందులు. చర్మం కింది రక్తనాళాలు విచ్చుకొని లోపలి వేడి బయటికి పోతుంది. చెంపలు వేడెక్కుతాయి, గుండె దగ్గర ఒళ్లు చల్లబడుతుంది. అందుకే ముందు తిండి, తర్వాత గ్లాసు. జొన్నరొట్టె, కోడికూర తిని, మక్కగుడాలు పక్కన పెట్టుకొని కూర్చోండి. నెగడి దగ్గరే ఒరిగిపోవద్దు, లోపల పడుకోండి. రాత్రి బయటికి పోవాలంటే చెప్పులు, టార్చి లేకుండా పోవద్దు. పాముకు, తేలుకు నువ్వు పట్నం నుంచి వచ్చావని తెలియదు.

పొచ్చెర, కుంటాల జలపాతాలు చూడకుండా పోరని తెలుసు. పొద్దున ఖాళీ చేతులతో వెళ్లండి. కుంటాల 45 మీటర్ల ఎత్తు. కింద గుండాల లోతు పైకి కనబడదు, రాళ్ల మీద పాచి ఉంటుంది. అక్కడ నీళ్లలో దిగి ప్రాణాలు పోగొట్టుకున్న పట్నం పిల్లలు ఎందరో. మందు తాగినవాడు ఆ గట్టు మీదికే పోకూడదు.

ఆ తాగని పిల్లవాణ్ణి మీ అందరికీ కాపలాదారును చేయొద్దు. వంట, గిన్నెలు, కట్టెలు వాడి నెత్తిన పెట్టొద్దు. రాత్రిపూట బండి తాళాలు మాత్రం వాడి దగ్గరే ఉండాలి. ఎవరికైనా బాగాలేకపోతే బోథ్ సర్కారు దవాఖానకో, ఆదిలాబాద్ రిమ్స్‌కో తీసుకుపోగలిగేది వాడొక్కడే. వాడికోసం మంచి చాయ్ పత్తా, బెల్లం, అల్లం తీసుకురా. మీ గ్లాసులకు ఎంత మర్యాదో వాడి చాయ్‌కూ అంతే మర్యాద ఉండాలి. నిద్రమాత్రలు, షుగర్ మందులు వాడేవాళ్లు మీలో ఉంటే వాళ్లు కూడా వాడితోపాటు చాయ్ తాగుతారు, దాంట్లో బలవంతం వద్దు.

దుకాణంలో నిలబడ్డాక "ఒకటి చాలదేమో, ఇంకోటి తీసుకుందాం" అని ఎవడో ఒకడు అంటాడు. అప్పుడు ఈ ఉత్తరం చూపించు. ఆ రెండో సీసా డబ్బులు పెట్టి గొంగళ్లు కొనుక్కొని రండి. కొట్టంలో ఉన్నవి రెండే, మీరు ఐదుగురు.

ఇట్లు,
నీ మామ