దాచిన ధర

పఠనభాగములు: ద్వితీయోపదేశకాండము 25:13–16; సామెతలు 11:1, 26; ఆమోసు 8:4–7; లూకా 19:1–10

పాఠోద్దేశము: కొనువాని కంటికి మరుగైన ధర దేవుని కంటికి మరుగు కాదనియు, కంపెనీ చాటున జరిగిన పాపమునకు ప్రతివాడును లెక్క అప్పగింపవలెననియు గ్రహించుట.

1. ఉక్కు నగరములో ఒక ఇల్లు

జార్ఖండ్ రాష్ట్రములోని జంషెడ్‌పూర్ కష్టజీవుల నగరము. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల నడుమనున్న సాక్చి గ్రామమున, 1907లో స్థాపితమైన టాటా ఉక్కు కంపెనీ తన కర్మాగారమును కట్టెను. 1919లో ఆ స్థలమునకు జంషెడ్‌పూర్ అని పేరు పెట్టబడెను. ఉత్తరాంధ్రనుండి వెళ్లిన తెలుగు కుటుంబములనేకము అచ్చట స్థిరపడినవి. 1912లోనే ఆ కంపెనీ ఎనిమిది గంటల పనిదినమును అమలు చేసెను. అయినను 1920లోను, 1928లోను కార్మికులు సమ్మె చేయవలసివచ్చెను. క్రీస్తు సేవకుడైన సి. ఎఫ్. ఆండ్రూస్ అచ్చటి కార్మిక సంఘమునకు అధ్యక్షుడై వారి పక్షమున నిలిచెను. మంచిపేరు గల సంస్థకు సైతము న్యాయమును గుర్తుచేయువారు అవసరమే.

ఇట్టి నగరములో ముప్పది యేండ్లు కొలిమి వేడిమిలో పనిచేసిన ఒకడు, చేతికందిన సొమ్ముతో చిన్న ఇల్లు కట్టుకొనుచున్నాడని తలంచుడి. అతడు సిమెంటు కొనబోవును. బస్తా తూకము సరిగానే యున్నది. ధర దానిమీద అచ్చువేసియే యున్నది. వేరొక కంపెనీ సరుకు అడిగినను ఇంచుమించు అదే ధర. మరి మోసమెక్కడ?

2. అమ్మక నిలిపిన ధాన్యము

2010లో భవన నిర్మాతల సంఘము చేసిన ఫిర్యాదును విచారించి, 2012 జూన్ నెలలో భారత కాంపిటీషన్ కమిషన్ 11 సిమెంటు కంపెనీలకు 6,300 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించెను. వాటిలో ఒకటి, జంషెడ్‌పూర్‌లోని జోజోబేరా సిమెంటు కర్మాగారమును 1999లో టాటా ఉక్కు కంపెనీనుండి కొనిన లఫార్జ్ సంస్థ. కంపెనీలు తమ సంఘము ద్వారా ధరల సమాచారమును పంచుకొని, ఉత్పత్తిని, సరఫరాను తగ్గించి, ధరను పెంచినవని కమిషన్ నిర్ణయించెను. కంపెనీలు దీనిని ఒప్పుకొనలేదు. విచారణ పద్ధతిలో లోపమున్నదని 2015లో ఆ ఉత్తర్వు రద్దయ్యెను. 2016లో కమిషన్ మరల జరిమానా విధింపగా, 2018లో అప్పీలు ట్రిబ్యునల్ దానిని సమర్థించెను. కంపెనీలు సుప్రీం కోర్టును ఆశ్రయించినవి.

సామెతలు 11:26 ఈ సంగతినే ఎత్తి చూపుచున్నది. ధాన్యము లేక కాదు, ఉండియు అమ్మక నిలిపినవాడు జనుల శాపమునకు గురియగునని జ్ఞాని హెచ్చరించెను. త్రాసు సరిగానున్నను ధర అబద్ధమాడవచ్చును.

3. సంచిలోని రెండు రాళ్లు

మోషే ధర్మశాస్త్రము తప్పుడు రాతితో తూచుటనే గాక, పెద్దదియు చిన్నదియునగు రెండు రాళ్లను సంచిలో ఉంచుకొనుటనే నిషేధించినది. మోసము అంగడిలో మొదలుకాదు. సంచి కట్టుకొనునప్పుడే, అనగా హృదయములోనే మొదలగును.

నేడు ఆ రాళ్లకు రూపము మారినది. పొట్లపు ధర మారదు, లోపలి సరుకు తగ్గును. మొదట స్వల్పమైన ధర చూపి, సొమ్ము చెల్లించు వేళ ఒక్కొక్క రుసుమును చేర్చుదురు. ఈ పద్ధతిని, దీనివంటి మరి పండ్రెండింటిని 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నిషేధించెను.

ఆమోసు గద్దించిన వర్తకులు ఆరాధన మానినవారు కారు. విశ్రాంతిదినమును ఆచరించుచునే, అది ఎప్పుడు గడచునా, అంగడి ఎప్పుడు తెరతుమా అని ఎదురుచూచినవారు. కావున ఈ మాట ముందుగా దేవాలయపు బల్లలమీద కూర్చుండు మనకే.

4. కంపెనీ అను తెర

పెద్ద సంస్థలో పాపము చిన్న ముక్కలుగా పంచబడును. ఒకడు సమావేశమునకు పోవును. ఒకడు లెక్క వ్రాయును. ఒకడు కొత్త ధర పత్రమును దుకాణములకు పంపును. ఎవని భాగమును వానికి బరువుగా తోచదు. “ఇది కంపెనీ నిర్ణయము” అందురు. ఇట్లు ధర కొనువానికేగాక అమ్మువాని మనస్సాక్షికిని మరుగగును. అయితే తీర్పుదినమున దేవుని యెదుట నిలుచునది కంపెనీ కాదు, మనుష్యుడే. ఇల్లు కట్టుకొనువాడు బస్తా బస్తాకు అధికముగా చెల్లించిన రూపాయలు, అతడు కొలిమియొద్ద గడపిన గంటలే. వాటిని ఆయన యెరుగును.

5. జక్కయ్య చూపిన మార్గము

జరిమానా ప్రభుత్వ ఖజానాకు చేరును. అధికముగా చెల్లించినవాని చేతికి అది తనంతట తిరిగి రాదు. జక్కయ్య అట్లు చేయలేదు. రోమా ప్రభుత్వపు పన్ను వ్యవస్థ చాటున దాగక, లేచి నిలువబడి, అన్యాయముగా తీసికొనినది నాలుగింతలుగా ఆ మనుష్యునికే మరల చెల్లింతుననెను. ఏ న్యాయాధిపతియు అతని నడుగలేదు. యేసు అతని యింట అడుగుపెట్టెను, అదే చాలెను. కృప దాచిన లెక్కలను వెలుగులోనికి తెచ్చును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. నా ఉద్యోగములో ఎవరికిని తెలియరాదని నేను కోరుకొను లెక్క ఏదైన ఉన్నదా?
2. “అందరును చేయుచున్నారు” అను మాట దేవుని యెదుట నిలుచునా?
3. నేను ఎవరికి ఏమి తిరిగి ఇయ్యవలసియున్నది?

ప్రార్థన

నీతిగల తండ్రీ, మా సంచిని శోధించుము. దాచిన రాతిని మాచేతనే తీయించి పారవేయించుము. నష్టము వచ్చినను నిజము పలుకు ధైర్యమును, తీసికొనినది తిరిగి ఇచ్చు మనస్సును దయచేయుమని యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.