ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌లో స్టోరేజ్ పెంచడం ఎలా? డేటా పోకుండా చేసే పద్ధతి

ఆండ్రాయిడ్ స్టూడియోలో యాప్ రన్ చేస్తుంటే "ఇన్‌సఫిషియెంట్ స్టోరేజ్" అనే ఎర్రర్ వస్తోందా? లాప్‌టాప్‌లో ఎంత ఖాళీ ఉన్నా ఇది రావచ్చు. ఎందుకంటే ఎమ్యులేటర్ తనకు కేటాయించిన స్టోరేజ్‌నే వాడుకుంటుంది. దాన్ని పెంచే ముందు ఒక్క విషయం గుర్తుంచుకోండి: చివరి స్టెప్‌లో డేటా మొత్తం చెరిగిపోయే అవకాశం ఉంది. అందుకే నేను ముందు బ్యాకప్‌తోనే మొదలుపెడతాను.

1. బ్యాకప్: ఎమ్యులేటర్ ఆన్‌లో ఉండగా ఆండ్రాయిడ్ స్టూడియోలో డివైస్ ఎక్స్‌ప్లోరర్ తెరవండి. కావాల్సిన ఫొటోలు, ఫైళ్లు, మీ యాప్ డేటాబేస్‌పై రైట్ క్లిక్ చేసి "సేవ్ యాజ్"తో కంప్యూటర్‌లో దాచుకోండి.

2. సైజ్ మార్చడం: ఎమ్యులేటర్ ఆపేయండి. డివైస్ మేనేజర్‌లో దాని పక్కనున్న మూడు చుక్కలు నొక్కి "ఎడిట్" ఎంచుకోండి. కొత్త వెర్షన్లలో "అడిషనల్ సెట్టింగ్స్", పాతవాటిలో "షో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్" కింద "ఇంటర్నల్ స్టోరేజ్" కనిపిస్తుంది. నేనైతే 8 జీబీ పెడతాను, మామూలు టెస్టింగ్‌కి అది సరిపోతుంది. పక్కనే ఉండే ర్యామ్, ఎస్‌డీ కార్డ్ అంకెలు పెంచితే ఈ ఎర్రర్ పోదు. యాప్‌లు ఇన్‌స్టాల్ అయ్యేది ఇంటర్నల్ స్టోరేజ్‌లోనే.

3. కోల్డ్ బూట్: మామూలుగా ఆన్ చేస్తే క్విక్ బూట్ వల్ల పాత స్నాప్‌షాటే తెరుచుకోవచ్చు. అందుకే అదే మూడు చుక్కల మెనూలో "కోల్డ్ బూట్" ఎంచుకోండి. తర్వాత ఎమ్యులేటర్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ చూడండి. పెరిగితే పని అయిపోయినట్టే.

4. పెరగకపోతేనే వైప్ డేటా: పాత డేటా ఫైల్ పాత సైజులోనే ఉండిపోయిందన్నమాట. ఎమ్యులేటర్ ఆపి, అదే మెనూలో "వైప్ డేటా" నొక్కి, మళ్లీ ఆన్ చేయండి. ఇది ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేసినట్టే. యాప్‌లు, లాగిన్‌లు అన్నీ పోతాయి. మీరు దాచుకున్న ఫైళ్లను డివైస్ ఎక్స్‌ప్లోరర్‌లోనే "అప్‌లోడ్"తో తిరిగి పెట్టుకోవచ్చు.

ఇంకో మాట. ఎమ్యులేటర్‌లో డేటా నిండేకొద్దీ మీ లాప్‌టాప్ డిస్క్ కూడా తగ్గుతూ వస్తుంది. కాబట్టి ఖాళీ తక్కువగా ఉంటే 32, 64 జీబీల జోలికి పోకండి. వాడని ఎమ్యులేటర్లు ఉంటే డివైస్ మేనేజర్‌లోనే డిలీట్ చేసేయండి. చాలామందికి అసలు చోటు అక్కడే దొరుకుతుంది.