ఎత్తు పెంచిన బండికి షాకబ్జర్లు

మన కూరగాయలు సంతకు పోయేది పికప్ బండిలోనే. గతుకుల దారి కోసం కొన్ని బండ్లకు కమాన్ కట్టలు మార్చి ఎత్తు పెంచుతారు.

కమాన్ కట్ట బరువు మోస్తుంది. షాకబ్జరు ఊపును ఆపుతుంది.

ఎత్తు పెంచాక పాత షాకబ్జరు పొడవు చాలదు. చక్రం గుంటలో దిగితే గట్టిగా సాగుతుంది. లోపలి నూనె కారి పాడవుతుంది. అప్పుడు బండి ఎగిరెగిరి పడుతుంది. బ్రేకు వేసినా త్వరగా ఆగదు. పోయేది టమాటాలే కాదు, ప్రాణాలు కూడా.

మరీ పొడవుదీ వద్దు. బరువుకు బండి కిందికి నొక్కుకుంటే అది విరుగుతుంది.

కొనేముందు మెకానిక్‌ను అడగండి:

"అన్నా, చక్రం కిందికి వేలాడితే పొడవెంత? పైకి నొక్కుకుంటే ఎంత? టేపుతో కొలిచి చెప్పు."

ఎడమది, కుడిది జతగానే మార్చండి.

ప్రశ్నలు:
1. షాకబ్జరు పని ఏమిటి?
2. మీ ఊరి బండి షాకబ్జరు నూనె కారుతోందా? చూసి రాయండి.